క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన పేపర్లో వచ్చింది: ఈ 30 రోజుల్లో ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: ఊరి గుట్ట మీద 9 హెక్టార్లలో రోడ్ మెటల్ (రోడ్డు కంకర) క్వారీకి పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో ప్రకటన వచ్చింది. వచ్చే నెలలో సభ. ఊరంతా వెళ్లి వద్దంటే ఆగుతుందా, అంతకుముందు ఇంకేమైనా చేయాలా?

ఊరంతా వద్దన్నంత మాత్రాన ఆగదు. అక్కడ ఓటింగు ఉండదు, కోరం కూడా లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే, వెయ్యిమంది వచ్చినా జరిగినట్టే. కలెక్టరు గానీ జాయింట్ కలెక్టరు గానీ అధ్యక్షత వహిస్తారు, అయితే అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది ఆ వేదిక మీద తేలదు. రాష్ట్ర స్థాయి నిపుణుల మదింపు కమిటీ ఫైలు చదివి సిఫార్సు చేస్తుంది, రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు అథారిటీ దాని మీద నిర్ణయం తీసుకుంటుంది. వాళ్లు మీ ఊరు రారు, సభలో వినిపించిన నినాదాలు వాళ్లకు చేరవు. చేరేది కాగితం, సభ వీడియో. కాబట్టి ఈ 30 రోజుల పని ఒక్కటే: ఆ ఫైల్లో మీ ఊరి నిజాలు లెక్కలతో సహా ఉండేలా చూడటం.

ఈ ప్రక్రియకు ఆధారం 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషను. సభ ఎలా జరపాలో దాని 4వ అనుబంధంలో ఉంది. నాలుగు పేజీలకు మించదు, ప్రింటు తీసుకుని దగ్గర పెట్టుకోండి. అధికారితో మాట్లాడేటప్పుడు పేరా చూపించి అడిగితే జవాబు తీరే మారుతుంది.

ముందు ప్రకటననే చదవండి. మూడు విషయాలు చూడాలి. ఒకటి, గడువు. ప్రజలకు కనీసం 30 రోజులు ఇవ్వాలి. ప్రకటన ఒక జాతీయ దినపత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోనూ రావాలి. రెండూ వేర్వేరు రోజుల్లో వస్తే ఆలస్యంగా వచ్చినదాని నుంచి లెక్కపెట్టండి. జూన్ 5న వచ్చిందంటే జూలై 5 కంటే ముందు సభ పెట్టకూడదు. ఈ నోటిఫికేషను స్థానంలో తేవాలనుకున్న 2020 ముసాయిదాలో ఈ గడువును 20 రోజులకు తగ్గించాలని ప్రతిపాదించారు. దాన్ని చూపించి 20 చాలని ఎవరైనా అంటే నమ్మకండి, ముసాయిదా చట్టం కాదు. రెండు, స్థలం. సభ ప్రాజెక్టు జరిగే చోటే గానీ, దానికి బాగా దగ్గర్లో గానీ జరగాలి. 40 కిలోమీటర్ల దూరంలోని జిల్లా కేంద్రంలో హాలు చూపిస్తే వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి. సభ అయిపోయాక ఈ మాట అంటే విలువ తగ్గుతుంది. మూడు, నివేదిక ఎక్కడెక్కడ చూడొచ్చో రాశారా లేదా. రాయకపోతే అది లోపమే.

పేపరు రాని తండాలు, గూడేలు ఉంటే దండోరా వేయించాలనీ, రేడియో, టీవీ ద్వారా తెలియజేయాలనీ అదే అనుబంధం చెబుతోంది. దండోరా వేయలేదని సభ ముగిశాక గుర్తు చేసుకుంటే లాభం లేదు. సభకు రెండు వారాల ముందే పంచాయతీ కార్యదర్శికి రాసి అడగండి, కాపీ సభను నిర్వహించే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపండి.

తర్వాత నివేదిక. ముసాయిదా పర్యావరణ ప్రభావ మదింపు నివేదిక ఇంగ్లీషులో 200 నుంచి 400 పేజీలు ఉంటుంది. దాని సంక్షిప్త రూపం తెలుగులోనూ ఉండాలి. ఇవి కలెక్టరేట్లో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, సంబంధిత పంచాయతీలో, మండలి ప్రాంతీయ కార్యాలయంలో జనానికి అందుబాటులో ఉండాలి. సంక్షిప్త నివేదిక మండలి వెబ్‌సైట్లో కూడా పెట్టాలి.

ఎక్కువసార్లు పని చెడేది ఇక్కడే. పంచాయతీకి వెళ్తే ఇంకా రాలేదంటారు, లేదా బీరువాలో ఉంది, తాళాలు సార్ దగ్గరున్నాయంటారు. ఆ మాట విని తిరిగొచ్చేయకండి. "ఫలానా తేదీన నివేదిక చూడటానికి వచ్చాం, అందుబాటులో లేదు" అని రెండు వాక్యాలు రాసి కార్యదర్శి సంతకం, ముద్ర తీసుకోండి. సంతకం పెట్టనంటే అదే రోజు మండలి సభ్య కార్యదర్శికి ఈమెయిలు పంపండి. రేపు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్తే ఈ చిన్న కాగితమే పనికొస్తుంది. నివేదిక చూడనిస్తే మాత్రం అక్కడే కూర్చుని ప్రతి పేజీ ఫోనులో ఫొటో తీసుకోండి. సమాచార హక్కు దరఖాస్తు పెడదామని ఆగితే జవాబుకు 30 రోజులు పడుతుంది, ఈలోగా సభ అయిపోతుంది. ఆ దరఖాస్తు సభ తర్వాతి కాగితాలకు బాగుంటుంది.

ఇంకో దారి పరివేశ్, అంటే పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పోర్టల్. ప్రాజెక్టు పేరుతోనో, జిల్లా పేరుతోనో వెతికితే కంపెనీ పెట్టిన దరఖాస్తు, లీజు హద్దుల మ్యాప్ ఫైలు, కమిటీ ఇచ్చిన టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్ లేఖ దొరుకుతాయి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. నివేదికలో ఏమేం అధ్యయనం చేయాలో కమిటీ అంశాలవారీగా రాసి ఇచ్చిన ఉత్తరం అది. ఒక పక్క ఆ లేఖ, ఇంకో పక్క నివేదిక పెట్టుకుని ఒక్కో అంశం టిక్ పెట్టుకుంటూ పోండి. టిక్ పడని ప్రతిదీ మీ అభ్యంతరం. ఇంగ్లీషు తెలిసిన డిగ్రీ పిల్లలు ఇద్దరు రెండు రోజులు కూర్చుంటే ఈ పని పూర్తవుతుంది.

నివేదిక మొత్తం చదవక్కర్లేదు, 2, 3, 4 అధ్యాయాలు చాలు. రెండోదాంట్లో ప్రాజెక్టు వివరాలు, మూడోదాంట్లో ఇప్పటి పరిస్థితి, నాలుగోదాంట్లో రాబోయే ప్రభావాలు ఉంటాయి. తప్పులు దొరికే చోట్లు ఇవి.

లీజు పక్కన ఉన్న ఇతర లీజులు. 5 హెక్టార్లు దాటని ఒంటరి క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు, అంటే సుమారు 12 ఎకరాల 14 గుంటల వరకు. కానీ ఒక లీజు అంచు నుంచి ఇంకో లీజు అంచుకు దూరం 500 మీటర్ల లోపు ఉంటే అవన్నీ కలిపి క్లస్టరు. క్లస్టరు మొత్తం 5 హెక్టార్లు దాటితే సభ, నివేదిక తప్పనిసరి. మీది 9 హెక్టార్లు కాబట్టి సభ ఎలాగూ ఉంది. అయినా పక్క లీజులను లెక్కలోకి తీసుకున్నారా లేదా చూడండి. గుట్టకు అవతలి వైపు ఇప్పటికే రెండు క్రషర్లు నడుస్తుంటే వాటి దుమ్ము, వాటి లారీలు కలిపి ప్రభావం చూపాలి. ఒక్క క్వారీ లెక్కే వేస్తే అంకెలు అన్నీ పరిమితి లోపలే కనిపిస్తాయి. గనుల శాఖ ఇచ్చిన క్లస్టరు లేఖ నివేదిక చివర అనుబంధాల్లో ఉంటుంది, మీ కళ్ల ముందున్న క్వారీలన్నీ అందులో ఉన్నాయో లేదో సరిచూడండి.

దూరాలు. బడి, అంగన్‌వాడీ, చెరువు, గుడి, ఇళ్లు లీజు అంచు నుంచి ఎంత దూరమో నివేదికలో పట్టిక ఉంటుంది. లీజు మూలల అక్షాంశ రేఖాంశాలు రెండో అధ్యాయంలో ఉంటాయి. వాటిని గూగుల్ ఎర్త్‌లో వేసి మీరే కొలవండి. చాలాసార్లు దూరాన్ని లీజు మధ్య నుంచి కొలుస్తారు, అంచు నుంచి కాదు. లేదా ఊరి దూరాన్ని పాత గ్రామకంఠం నుంచి చూపి, గుట్ట వైపు కొత్తగా కట్టిన కాలనీని వదిలేస్తారు. కుంటలు, వాగులు గ్రామపటంలో చూడండి, సర్వే నంబరుతో సహా రాయండి.

నీళ్లు. క్వారీ చివరికి ఎంత లోతు వెళ్తుందో ఒకచోట, భూగర్భ నీటి మట్టం ఎంత లోతున ఉందో ఇంకోచోట రాస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు తక్కువ. తవ్వకం నీటి మట్టాన్ని దాటితే విడిగా జల భూగర్భ అధ్యయనం ఉండాలని టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్‌లోనే అడుగుతారు. అది జరిగిందా? మీ ఊరి బోర్లు ఎన్ని అడుగులు, ఎండాకాలం ఎంతకు దిగుతాయి, ఏ సర్వే నంబర్లో ఎన్ని ఉన్నాయి అని పది పదిహేను బోర్లకు పట్టిక తయారు చేసి ఇవ్వండి. దానికి ఎదురు చెప్పాలంటే కంపెనీ కూడా కొలిచి చూపించాల్సిందే.

గాలి. గాలిలో దుమ్ముకు 24 గంటల పరిమితి: పీఎం 10 (10 మైక్రాన్ల లోపు కణాలు) ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు, ఇంకా సన్నదైన పీఎం 2.5కు 60. శాంపిళ్లు ఏ నెలల్లో తీశారు, ఏ ఊళ్లలో తీశారు అన్నది చూడండి. వానాకాలం కాకుండా ఒక సీజను కొలవాలి. కొలిచిన కేంద్రాలన్నీ గాలి వచ్చే వైపు ఉండి, గాలి పోయే వైపు ఉన్న మీ ఊరిని వదిలేశారా? గాలి దిశ చూపే విండ్ రోజ్ చిత్రం మూడో అధ్యాయంలో ఉంటుంది. అంకెలు మూడేళ్ల కంటే పాతవైతే అదీ రాయండి.

పేర్లు. వేరే జిల్లా నివేదిక నుంచి పేరాలు తెచ్చి అతికించడం ఈ రంగంలో మామూలైపోయింది. మీ మండలంలో లేని నది, మీ ప్రాంతంలో పండని పంట, ఎవరికీ తెలియని ఊరు పేరు కనిపిస్తే పేజీ నంబరుతో నమోదు చేయండి. అక్కడికి రాకుండానే నివేదిక తయారైందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? తెలుగు సంక్షిప్త నివేదికను ఇంగ్లీషుదానితో కూడా పోల్చండి, బ్లాస్టింగు వివరాలు, లోతు, లారీల సంఖ్య లాంటివి తెలుగులో మాయమవుతుంటాయి.

భూమి స్వభావం గురించి ఒక్కమాట. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం చూపిన బీల నేలను పనికిరాని భూమిగా చూపించారు. అది చిత్తడి నేల, ఊళ్ల సాగునీరు, చేపలవేట దాని మీదే. ఈ విషయాన్ని గట్టిగా పట్టుకుని పోరాడటం వల్లే 2010 జూలై 14న జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. అదే రోజు అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. నివేదికలో ఒక్క పదం "బంజరు" అని పడటం ఎంతదూరం తీసుకుపోతుందో తెలియడానికి చెబుతున్నాను. మీ గుట్ట కింద మేత భూమి ఉంటే, వాన నీళ్లు ఆ గుట్ట మీంచే చెరువుకు దిగుతుంటే, ఫొటోలతో రాయండి.

ఇక అభ్యంతరం రాయడం. "దుమ్ము వల్ల పంటలు నాశనమవుతాయి, అనుమతి ఇవ్వవద్దు" అని రాస్తే జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది: "నీళ్లు చల్లుతాం, మొక్కలు పెంచుతాం." దాంతో ఆ అంశం మూసేస్తారు. అదే విషయాన్ని ఇలా రాయొచ్చు, అంకెలు మీ నివేదికలోవి పెట్టుకోండి:

"2వ అధ్యాయం ప్రకారం ఏడాదికి 3,00,000 టన్నుల ఉత్పత్తి, 300 పని దినాలు. అంటే రోజుకు 1,000 టన్నులు. 20 టన్నుల టిప్పర్లయితే 50 లోడ్లు, ఖాళీగా వచ్చేవి కలిపితే రోజుకు 100 సార్లు బండి తిరుగుతుంది. 10 గంటల పనిలో ఆరు నిమిషాలకొకటి. కానీ 4వ అధ్యాయంలో దుమ్ము, శబ్దం అంచనాలను రోజుకు 20 ట్రిప్పుల మీద వేశారు. రవాణా దారి 3.75 మీటర్ల వెడల్పు పంచాయతీ రోడ్డు. దాన్ని ఆనుకుని మండల పరిషత్ పాఠశాల ఉంది, దూరాల పట్టికలో ఆ పాఠశాల లేదు. అంచనాలను 100 ట్రిప్పుల మీద మళ్లీ వేసి, ప్రత్యామ్నాయ దారి చూపించాలి."

దీనికి మొక్కలు పెంచుతామంటే సరిపోదు. కంపెనీ లెక్క సరిదిద్దుకోవాలి, లేదా తప్పు కాదని నిరూపించాలి. ఇలాంటివి ఆరేడు అంశాలు చాలు, నలభై అక్కర్లేదు. ఒక్కో అంశానికి పేజీ నంబరు, మీ కొలత, మీరు కోరేది ఉండాలి.

ఒకే నమూనా ఉత్తరం మీద రెండు వందల సంతకాలు పెట్టిస్తే దాన్ని ఒక్క అభ్యంతరంగా చూపి ఒక్క జవాబు ఇస్తారు. బోరు ఉన్న రైతు నీళ్ల గురించి, బడి కమిటీ లారీల గురించి, గొర్రెల కాపరులు మేత గురించి, గుట్టకు దగ్గరగా ఇల్లున్నవాళ్లు బ్లాస్టింగు గురించి విడివిడిగా రాస్తే నాలుగు అంశాలకూ జవాబులు రావాలి. ఊళ్లో లేనివాళ్లు కూడా రాయొచ్చు. సభకు రాలేని, ప్రాజెక్టుతో సంబంధం ఉన్న ఎవరైనా రాతపూర్వకంగా స్పందించే హక్కు అదే నోటిఫికేషన్లో ఉంది. ఊళ్లో పొలం ఉండి హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో పనిచేస్తున్నవాళ్లు ప్రకటనలో ఇచ్చిన చిరునామాకు ఈమెయిలు పంపితే సరిపోతుంది, సర్వే నంబరు, ఊరితో సంబంధం మొదటి వాక్యంలోనే రాయాలి. ఊళ్లోవాళ్లు ప్రాంతీయ కార్యాలయం టపాల్లో ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. పోస్టులో అయితే స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి.

మీరు అడగలేదు గానీ చెప్పాల్సిన విషయం: ఊళ్లో కొందరు క్వారీ వస్తే పని దొరుకుతుందనుకుంటారు. అది వాళ్ల హక్కు, వాళ్లనూ మాట్లాడనివ్వాలి. అయితే "మా పిల్లలకు ఉద్యోగాలివ్వండి" అని మాత్రమే అంటే రికార్డులో ప్రజలు స్వాగతించారని పడుతుంది. షరతులతో ఒప్పుకునేవాళ్లు షరతులు లెక్కగా అడగాలి: బ్లాస్టింగు ఏ గంటల మధ్య, ముందు సైరను ఎన్నిసార్లు, లీజు అంచున వదలాల్సిన 7.5 మీటర్ల పట్టీలో ఏ చెట్లు ఎన్ని, రోడ్డు ఎన్ని కిలోమీటర్లు ఎప్పటిలోగా, దానికి బడ్జెట్ ఎంత. సభలో ఇచ్చిన హామీలను పని రూపంలో, కొలవగలిగేలా షరతులుగా పెట్టాలని 2020 సెప్టెంబరు 30న కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. "గ్రామాభివృద్ధికి కృషి చేస్తాం" అన్న హామీని ఎవరూ కొలవలేరు.

సభ రోజున హాజరు పట్టీలో సంతకం పెట్టే ముందు పైన శీర్షిక చదవండి. హాజరు పట్టీ అని ఉన్నదాని మీద తప్ప, టిఫిన్ టోకెన్ పేరుతో తిప్పే ఖాళీ కాగితాల మీద పెట్టకండి. ముందు కంపెనీ ప్రతినిధి ప్రాజెక్టు గురించి చెబుతారు, తర్వాత మీ వంతు. ఒక్కొక్కరు ఒక్కో అంశం, రెండు మూడు నిమిషాలు, పేరు, ఊరు చెప్పి మొదలుపెట్టి, మాట్లాడాక రాసిన కాగితం వేదిక మీద ఇవ్వండి. వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలన్నది నిబంధన, టైమైపోయిందని మైకు ఆపేస్తే ఆ సంగతి అక్కడే నమోదు చేయమని అడగండి. మొత్తం వీడియో తీయడం మండలి బాధ్యత, మీరూ ఫోన్లో తీసుకోండి. తోపులాట, కుర్చీలు విరగ్గొట్టడం జరిగితే నష్టం మీకే. ఉద్రిక్తత మధ్య సభ ముగిసిందని రాసి పంపేస్తారు, మీ పదిహేను బోర్ల పట్టిక ఆ గొడవలో పడిపోతుంది.

అన్నిటికన్నా విలువైన పది నిమిషాలు చివర్లో ఉంటాయి, అప్పటికి జనం లేచిపోతారు. సభలో వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు అధ్యక్షత వహించిన అధికారి సంతకం పెట్టాలి. కనీసం పదిమంది చివరిదాకా ఉండండి. చదవకుండా లేవబోతే మర్యాదగా అడగండి: "సార్, సారాంశం చదివి వినిపించాలి, 4వ అనుబంధంలో ఉంది." చదివినప్పుడు మీ అంశం లేకపోతే అప్పుడే చెప్పి చేర్పించండి.

సభ అయ్యాక 8 రోజుల్లో రికార్డు అథారిటీకి వెళ్లాలి. పంచాయతీ, జిల్లా పరిషత్, కలెక్టరేట్, మండలి కార్యాలయాల్లో దాన్ని ప్రదర్శించాలి. మీ మాట తప్పుగా పడితే నేరుగా అథారిటీకి రాయొచ్చు. మీ అంశాలకు కంపెనీ తుది నివేదికలో జవాబు చెప్పాలి, కాలపరిమితి, బడ్జెట్‌తో సహా. కమిటీ ఎజెండా, మినిట్స్ పరివేశ్‌లో వస్తాయి, వారానికొకసారి చూడండి. ప్రజల అభ్యంతరాలను ఎందుకు అంగీకరించారో, ఎందుకు తోసిపుచ్చారో నిపుణుల కమిటీ కారణాలు చూపాలని 2009లో ఉత్కర్ష్ మండల్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కారణాల్లేని మినిట్స్ అప్పీలుకు బలమైన ఆధారం.

అనుమతి వస్తే కంపెనీ రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన వేయాలి. ఈ రెండో ప్రకటన చిన్నగా, టెండర్ల మధ్య వస్తుంది, చాలామంది చూడరు. చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచిలో అప్పీలుకు 30 రోజులే గడువు. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు, ఆపైన ఒక్కరోజు దాటినా తీసుకోరు. పోర్టల్లో పెట్టిన తేదీ, పేపర్లో వచ్చిన తేదీ, పంచాయతీలో అంటించిన తేదీ వేరువేరుగా ఉంటే అన్నిటికన్నా ముందుదాని నుంచే లెక్కపెట్టుకోండి.

ఇంకో రెండు విషయాలు. మీది షెడ్యూల్డు ఏరియా (రాజ్యాంగం కింద ప్రకటించిన గిరిజన ప్రాంతం) అయితే ఈ సభ గ్రామసభకు బదులు కాదు. చిన్నతరహా ఖనిజాల లీజుకు ముందుగా గ్రామసభ లేదా పంచాయతీ సిఫార్సు ఉండాలని షెడ్యూల్డు ఏరియాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం చెబుతోంది, ఆ తీర్మానం ఉందో లేదో విడిగా అడగండి. అలాగే దారి కోసమో, డంపు కోసమో పట్టా భూమి సేకరిస్తున్నట్టు వేరే నోటిఫికేషను వస్తే, దాని మీద అభ్యంతరానికి 2013 భూసేకరణ చట్టం కింద 60 రోజుల గడువు ఉంది. అది కలెక్టరుకు విడిగా రాయాలి, పర్యావరణ సభలో చెప్పినది అక్కడ లెక్కలోకి రాదు.

లీజు హద్దుల ఫైలు పరివేశ్‌లో దొరకకపోతే ప్రకటనలో ఉన్న సర్వే నంబర్లు, మండలం ఇక్కడ రాయండి. గ్రామపటం మీద ఎలా గుర్తించాలో చెబుతాను.